గోదావరి నీళ్లు నడిచే దారి

రెండేళ్ల కింద సంక్రాంతికి మా అక్క కొడుకు అమెరికా నుంచి కరీంనగర్ వచ్చాడు. వచ్చేముందు పెరూ దేశం తిరిగి వచ్చాడట. భోజనాలయ్యాక వరండాలో కూర్చొని ఫోనులో ఫొటోలు చూపించడం మొదలుపెట్టాడు. మాచుపిచ్చు. ఇంకా అనే వంశపు రాజులు కొండ నెత్తిన కట్టిన ఊరు. సున్నం లేదు, బంక లేదు, రాయికి రాయిని చెక్కి కూర్చారు. మధ్యలో చాకు అంచు కూడా దూరదట. మెట్లు మెట్లుగా దిగే పొలాలు, వాటి కింద మబ్బులు. నేను కళ్లప్పగించి చూశాను.

ఆ ఫొటోల మధ్య ఒకటి వచ్చింది. పాత రాతి గోడ కింద ఒక ముసలమ్మ నేలమీద కూర్చొని ఉంది. తలమీద టోపీ, వీపున రంగుల దుప్పటి మూట, చేతిలో కదురు. ఉన్ని వడుకుతోంది. "ఈమె ఎవరురా?" అన్నాను. "తెల్వది మామా, ఆ ఊరామెనే. వాళ్లది కెచువా భాష అన్నరు" అన్నాడు.

ఇంకా రాజులు మాట్లాడిన భాష పేరు కెచువా. ఆ గోడ ఎవరిదో ఆ ముసలమ్మా వాళ్లదే. వీడి ఫోనులో గోడ ఫొటోలు నూరు దాకా ఉన్నాయి, ఆమెది ఒక్కటే.

వాణ్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. లోకమంతా ఆ చోటును చూసింది అలాగే. 1911లో హైరం బింగమ్ అనే అమెరికా ప్రొఫెసర్ మాచుపిచ్చును కనుగొన్నాడని పుస్తకాల్లో రాస్తారు. ఆయన అక్కడికి ఎక్కేసరికి ఆ మెట్ల పొలాల్లో రైతు కుటుంబాలు పంటలు పండించుకుంటున్నాయి. వాళ్ల పిల్లాడే ముందు నడిచి ఆ గోడలన్నీ ఆయనకు చూపించాడు. కనుగొన్న పేరు మాత్రం వచ్చినాయనకు దక్కింది.

ఫొటోలన్నీ అయ్యాక మా వాడు అడిగాడు. "మన దిక్కు ఇసొంటివి లెవ్వా మామా?"

"ఉన్నయ్. ఇంకో నాలుగు రోజులు ఆగితే చూపిస్త" అన్నాను. పుష్య అమావాస్య దగ్గర పడుతోంది మరి. ఆ ప్రయాణం గురించే ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

కరీంనగర్ నుంచి రాయపట్నం దారిన బయలుదేరాం. గోదావరి దాటకముందే వెల్గటూరు దగ్గర కోటిలింగాల ఉంది. అక్కడ ఆగకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసేచోట ఎత్తయిన మట్టిదిబ్బలు. ఆ మట్టిలో దొరికిన నాణేలను చరిత్రకారుడు పరబ్రహ్మశాస్త్రిగారు చదివి లోకానికి చెప్పారు. శాతవాహన వంశానికి మొదటి రాజైన శ్రీముఖుడి నాణేలు అందులో ఉన్నాయి. అంతకుముందు ఏలిన గోబద, సమగోప వంటి రాజుల నాణేలూ ఉన్నాయి. రెండువేల ఏళ్లు దాటిన ఊరు. ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నిలువనీళ్లు ఆ గట్టును ఒరుసుకుంటున్నాయి.

కోటిలింగాలలో నాకెప్పుడూ ఒక దిగులు కలుగుతుంది. నాణేలున్నాయి, ఇటుకలున్నాయి, పెంకులున్నాయి. "ఇది మా తాతలు కట్టింది" అని చెప్పే మనిషి ఒక్కడూ లేడు. పెద్దపల్లి దిక్కున ధూళికట్ట బౌద్ధ స్తూపం దగ్గరా అంతే. పడగ విప్పి బుద్ధుడికి నీడపట్టిన ముచలింద నాగుణ్ని అక్కడి పలకలమీద ఎంత సొగసుగా చెక్కారో! ఆ నాగుడికి పాలు పోసిన చేతులు ఎవరివో, ఏ పాట పాడుతూ పోశారో చెప్పేవాళ్లు మిగల్లేదు. అచ్చంగా శిథిలమంటే అదీ.

రాయపట్నం వంతెన దాటి, లక్షెట్టిపేట మీదుగా జన్నారం చేరాం. జన్నారం మండలంలోనే గోదావరి ఒడ్డున కలమడుగు. అక్కడి రేవును హస్తినమడుగు అంటారు. మా వాడు కిందికి దిగి చూశాడు. నది, ఇసుక, రాళ్లు, రెండు పడవలు. "ఈడ ఏముంది మామా?" అన్నాడు. "ఇక్కడి నుంచే నీళ్లు బయలుదేరుతయి. మొన్ననే పోయినయి. మనం వాటి వెనుక పోతున్నం" అన్నాను.

ఆ నీళ్ల సంగతి విడమరచి చెప్పాలి. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో కేస్లాపూర్ అని ఊరు. అక్కడ నాగదేవుడు నాగోబా కొలువై ఉన్నాడు. రాజగోండుల్లో మెస్రం వంశంవాళ్లకు ఆయన ఇంటిదేవుడు. పుష్యమాసంలో నెలవంక కనిపించగానే మెస్రం పెద్దలు కదులుతారు. ముందు ఎడ్లబండి కట్టుకొని ఊరూరా నాగోబా జాతర కబురు చెబుతారు. సిరికొండలో కుమ్మరి ఇంటికి పోయి కుండలు చేయమని చెబుతారు. గోండుల పూజకు కుండలు చేసేది గోండు కాని మనిషి, తరాలుగా అదే ఊరు. ఆ తర్వాత కేస్లాపూర్‌ నుంచి హస్తినమడుగుకు నడక. 70 కిలోమీటర్లకు పైగా అడవిదారి. తెల్లటి ధోవతి, తెల్లటి తలపాగా, కాళ్లకు చెప్పులుండవు. దారిలో ఏ ఊళ్లో ఆగాలో, ఏ ఊళ్లో నిద్ర చేయాలో ముందే కట్టుబాటు ఉంది. హస్తినమడుగులో పూజచేసి, ఝరి అనే పాత్రలో గోదావరి నీళ్లు నింపుకొని, తెల్లబట్ట చుట్టి, మళ్లీ అదే నడక. దారిలో ఇంద్రవెల్లి దగ్గర ఇంద్రాదేవికి మొక్కి కేస్లాపూర్ పొలిమేర చేరతారు. ఝరిని తిన్నగా గుడిలోకి తీసుకుపోరు. మర్రిచెట్టు మీద భద్రపరిచి, ఆ చెట్టు కిందే బస చేస్తారు. అమావాస్య రాత్రి దాకా ఆ నీళ్లు చెట్టుమీదే ఉంటాయి.

పెరూలో అపురిమాక్ నది మీద గడ్డి వంతెన ఒకటుంది, కెస్వాచాకా. ఇంకాల కాలం నుంచీ ఉన్నదే. అలా ఉన్నదంటే ఏటా కడుతున్నారు గనుక ఉంది. జూన్ నెలలో నాలుగు ఊళ్ల కెచువా జనం ఇంటికింత గడ్డి తాడు పేనుకొని వస్తారు. సన్న తాళ్లను పెనవేసి లావు మోకులు చేస్తారు. పాత వంతెనను కోసి నదిలో వదిలి కొత్తది కడతారు. 2013లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. దాని గురించి చదివినప్పుడు నాకు కేస్లాపూర్ దారే కళ్లముందు మెదిలింది. గడ్డి కుళ్లిపోతుంది, నీళ్లు ఆవిరైపోతాయి. పోయినేడు పట్టుకున్న చేతులే ఈ ఏడూ పట్టుకుంటేనే అవి నిలబడతాయి.

జన్నారం దాటితే కవ్వాల్ పులుల అభయారణ్యం. టేకుచెట్లు, వెదురుపొదలు, ఆ చలికాలపు పొద్దులో రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తే కోతులు. గంటన్నరకు ఉట్నూరు చేరాం. ఉట్నూరులో గోండు రాజుల కోట ఉంది. గోడల్లో మొక్కలు మొలిచి, రాళ్లు జారి, బురుజులు కుంగి ఉన్నాయి. ఈ మన్నెమంతా ఒకప్పుడు చాందా గోండు రాజుల ఏలుబడి. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. ఆ రాజ్యానికి మొదటి రాజధాని మన సిర్పూరేనని చెప్పుకుంటారు. 1751లో చాందా నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. అక్కడ పెరూలో 1532లో స్పెయిన్ సేనాని పిజారో ఇంకా రాజు అతహువాల్పాను బంధించాడు. 1572లో కుస్కో నడిబజారులో చివరి ఇంకా రాజు తుపాక్ అమారును చంపారు. రెండుచోట్లా చరిత్ర పుస్తకం అక్కడితో పేజీ తిప్పేస్తుంది, రాజ్యం అంతరించెను అని.

మా వాడు కోట గోడమీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాడు. "పెరూల టికెట్ పెట్టి చూపిస్తరు మామా, ఇక్కడ ఎవరూ లేరు" అన్నాడు. నాకూ బాధే. ఈ కోటను బాగుచేసి, ఎవరు కట్టారో ఎలా బతికారో గోండీలోనూ తెలుగులోనూ రాసిపెడితే ఎంత బాగుంటుంది! కానీ ఆ పూట వాడికి నేను చూపించాలనుకున్నది వేరు. "పద, పొద్దు వాలుతుంది" అన్నాను.

ఇంద్రవెల్లిలో స్తూపం దగ్గర దిగి తలవంచాం. 1981 ఏప్రిల్ 20న భూమి హక్కులకోసం సభకు వచ్చిన ఆదివాసులమీద పోలీసులు కాల్పులు జరిపింది అక్కడే. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. అంతకు ఎన్నోరెట్లని జనం లెక్క. ఈ దారిలో పోయే మనిషి ఆ స్తూపాన్ని చూడకుండా కేస్లాపూర్ పోతే సగమే చూసినట్టు.

కేస్లాపూర్ చేరేసరికి చీకటి పడింది. ఎడ్లబళ్లు, జీపులు, ట్రాక్టర్లు. మహారాష్ట్ర నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి, మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన జనం. "రాం రాం" అని పలకరింపులు. నాకు కొత్త గుడి ముందు ఆగడం ఇష్టం. నల్లరాతి స్తంభాల గుడి అది, 2022 డిసెంబర్‌లో పూర్తిచేసి ప్రారంభించారు. మెస్రం వంశంవాళ్లు ఇంటింటికీ చందా వేసుకొని, ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టి కట్టుకున్నారు. పత్తి రైతులు, కూలీలు, చిన్న ఉద్యోగాల వాళ్లు కట్టిన గుడి. గోండుల కట్టడాలంటే కూలిన కోటలే గుర్తుకొచ్చే వాళ్లందరికీ ఆ స్తంభాలు చూపించాలి.

గుడి పక్కన గోవాడ్ అనే ఆవరణ ఉంది. మెస్రంలలో 22 కితలు, అంటే శాఖలు. ఆ 22 కితలకు గోవాడ్‌లో 22 పొయ్యిలు. ఎన్ని వేలమంది వచ్చినా వంట ఆ పొయ్యిలమీదే, వంతులవారీగా. మేము గోడ ఇవతలి నుంచే చూశాం. చలికి పొగ పైకి లేవకుండా నేలబారుగా పాకుతోంది. ఒకామె కుండ దించి పక్కకు జరిగిందో లేదో ఇంకొకామె అదే పొయ్యిమీద తన కుండ పెట్టింది. మాటల్లేవు, తొందరా లేదు. ఏ పొయ్యి ఎవరిదో పుట్టినప్పటి నుంచీ తెలిసినవాళ్లకు మాటలతో పనేముంది?

మా వాడు ఫోను పైకెత్తాడు. పక్కనే ఉన్న పెద్దాయన నెమ్మదిగా చెయ్యి అడ్డంపెట్టి, "గుడి తీసుకో బిడ్డా, జాతర తీసుకో. పూజ వద్దు" అన్నాడు. వాడు వెంటనే ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయనే మమ్మల్ని నిప్పు దగ్గర కూర్చోబెట్టి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "మీది ఎన్ని దేవుళ్ల ఇల్లు?"

నేను మా గోత్రం చెప్పాను. "అది కాదు, దేవుళ్లు ఎంతమంది?" అన్నాడు. గోండుల్లో నాలుగు దేవుళ్లవాళ్లు, అయిదు దేవుళ్లవాళ్లు, ఆరు, ఏడు అని వర్గాలుంటాయి. ఒకే లెక్కవాళ్లు అన్నదమ్ములు. వాళ్లలో వాళ్లకు పెళ్లి లేదు. కొత్త మనిషి ఎదురైతే ఆ ఒక్క ప్రశ్నతో అతను తమ్ముడు కావాలో బావ కావాలో తేలిపోతుంది. చాందా రాజు పోయి రెండున్నర శతాబ్దాలు దాటింది. ఆ రాజు కాలంలోనూ ఈ ప్రశ్న ఇలాగే అడిగి ఉంటారు. కోట జారిపోయింది గానీ ఈ లెక్క ఎక్కడా జారలేదు. నాకు చెప్పడానికి జవాబు లేకపోయింది. ఆయనకు అది పెద్ద లోటుగా అనిపించినట్టు లేదు. "చుట్టమే అనుకుందాం" అని జొన్నరొట్టె ముక్క విరిచి ఇచ్చాడు.

అర్ధరాత్రికి వాయిద్యాలు మారాయి. మర్రిచెట్టు మీది నీళ్లు గుడికి వచ్చాయి. ఆ నీళ్లతో నాగోబాకు అభిషేకం, మహాపూజ. దాని తర్వాత భేటింగ్. ఆ ఏడాది మెస్రం ఇళ్లలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే ఘట్టం అది. తెల్లచీరలు కట్టి, ముఖం మీదికి కొంగు దించుకొని, పెద్దవాళ్ల వెంట వరుసగా నడిచారు. పెళ్లయి ఎన్నాళ్లయినా సరే, నాగోబాను కలిసేదాకా కోడలికి ఆ వంశపు పూజల్లో చోటు లేదు. కలిసిన తర్వాత ఆమెను భేటి కొరియాడ్ అంటారు. ఒకమ్మాయి చెప్పులు విడిచిన చోట కాలేజీ పుస్తకాల సంచీ కూడా ఉంది. కాపలాకు కూర్చున్న చెల్లెలు దాన్ని ఒళ్లో పెట్టుకొని నిద్రపోతోంది.

మరునాడు ఆడపడుచులు కొత్తకుండల్లో నీళ్లు తేవడం, అల్లుళ్లు మట్టి తవ్వడం, ఆ మట్టితో పుట్టలు చేయడం చూశాం. కోడలికి ఒక పని, ఆడపిల్లకు ఒక పని, అల్లుడికి ఒక పని, కుమ్మరికి ఒక పని. కథ చెప్పే ప్రధాన్‌కు కిక్రి వాయిద్యం. ఇంకాలకు లిపి లేదు. దారాలకు ముళ్లువేసి లెక్కలు దాచుకున్నారు, కీపు అంటారు. ఆ ముళ్లలో ఉన్నదంతా చదవగలిగినవాళ్లు ఇప్పుడు లేరు. మన గోండులకు ప్రధాన్‌ల గొంతు ఉంది. అదొక్కటే కాదు, నార్నూర్ మండలం గుంజాలలో గోండీ లిపి రాతప్రతులు బయటపడ్డాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు ఆ లిపిని వెలుగులోకి తెచ్చిన కృషి ఎన్నటికీ మరవకూడనిది. దాన్ని చదవగలిగిన పెద్దలు అప్పటికి ఆ ఊళ్లో బతికే ఉన్నారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడది ఫోనులో టైపు చేయవచ్చు.

జాతరలో ఒక రోజు దర్బారు ఉంటుంది. కలెక్టరు, అధికారులు వచ్చి ఆదివాసుల ముందు కూర్చొని అర్జీలు వింటారు. అది 1940లలో మొదలైంది, దాని వెనుక ఒక కథ ఉంది. 1940లో జోడేఘాట్‌లో తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం నైజాం పోలీసుల తూటాలకు ఒరిగాడు. ఆ తర్వాత ఈ అడవిమనిషి ఎందుకు తిరగబడ్డాడో తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ని పంపింది. ఆయనది వియన్నా. యుద్ధం వచ్చి, శత్రుదేశపు పాస్‌పోర్టు చేతిలో ఉండి, హైదరాబాద్ రాజ్యంలో చిక్కుకుపోయిన మనిషి. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి జైనూర్ దగ్గర మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు. గోండీ నేర్చుకున్నాడు. భూమి పట్టాలకోసం, గోండు పిల్లల బడులకోసం సర్కారుతో కొట్లాడాడు. పరాయిదేశం నుంచి వచ్చి ఏం చూడాలో, ఎలా చూడాలో తెలిసిన యాత్రికుడంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

తిరుగుదారిలో మార్లవాయి పోయాం. 1987లో బెట్టీ చనిపోతే ఆమెను అక్కడే సమాధి చేశారు. 1995లో ఆయన పోయాక, తర్వాతి కాలంలో ఆయన అస్థికలనూ అక్కడికే తెచ్చారు. రెండూ పక్కపక్కన ఉన్నాయి. గుస్సాడీ నాట్యానికి పద్మశ్రీ అందుకున్న కనకరాజుగారిదీ ఆ ఊరే. 2024 అక్టోబర్‌లో ఆయన కన్నుమూశారు. దీపావళి ముందు దండారి పండుగలో నెమలిఈకల టోపీ పెట్టి, ఒంటికి బూడిద పూసుకొని గుస్సాడీలు ఊరి నుంచి ఊరికి అతిథులుగా పోతారు. ఆ వేషంలో ఉన్నన్ని రోజులు స్నానం చేయరు, ఎందుకంటే అప్పుడు వాళ్లు మనుషులు కారు, దేవుళ్లు. మేం పోయింది పుష్యమాసంలో గనుక మా వాడికి దండారి చూపించలేకపోయాను.

విమానం ఎక్కేముందు వాడు తన ఫోనులో ఆ పెరూ ముసలమ్మ ఫొటో మళ్లీ తీశాడు. చాలాసేపు చూశాడు. "పేరు అడగకపోతిని మామా" అన్నాడు.

నిరుడు పుష్యమాసం రెండో రోజో మూడో రోజో, తెల్లవారుజామున ఫోను మోగింది. వాడే. మంచిచెడ్డలు ఏమీ అడగలేదు.

"మామా, నెలవంక కనిపించిందా? నీళ్లకు బయలుదేరిండ్రా?"

"బయలుదేరిండ్రు" అన్నాను.